తిరగేసిన సూది

నోట్లో నాలుగు బట్టల క్లిప్పులు పెట్టుకుని, భుజం మీద తడి దుప్పటి వేసుకుని, ఒక చేత్తో తీగని కిందికి లాగుతున్న మనిషిని ఏమడిగినా వచ్చే జవాబు ఒక్కటే. "ఊఁ." సూదమ్మ కూడా అదే అంది. బాల్కనీ తలుపు దగ్గర కాఫీ కప్పుతో నిలబడి భర్త అడిగింది ఇదీ: "ఆ ప్రమోషన్‌కి సరేనని చెప్పేశాను. వచ్చే నెల మొదట్లోనే కొత్త ఊళ్ళో చేరాలి. నువ్వు ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తే సరిపోతుంది. ఏమంటావ్?" దుప్పటి జారిపోతోంది. దాన్ని పట్టుకుని, నాలుగు కొసలా క్లిప్పులు పెట్టి, నోరు ఖాళీ చేసుకుని వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర భర్త లేడు. కప్పు ఉంది, కడగడానికి.

సాయంత్రానికి ఆ ఊఁ కి కాళ్ళొచ్చి ఇల్లంతా తిరిగింది. అత్తగారు అటక మీద పెట్టెలు దించమన్నారు. ఆడపడుచు ఫోన్ చేసి, "మంచి పని చేశావు వదినా, ఇంకా ఎన్నాళ్ళని ఆ రొదలో పడి చస్తావు, హాయిగా ఇంటిపట్టున ఉండు," అంది. ఇంటిపట్టున ఉండటం ఎంత హాయో ఆ పిల్లకీ తెలుసు, అయినా అంది. అలాంటి మాటలు మనవి కావు, మన నోటికి అలవాటైనవి.

"అది కాదండీ, ఉద్యోగం సంగతి మనం ఇంకా మాట్లాడుకోలేదు కదా," అంది సూదమ్మ భోజనాలయ్యాక కంచాలు తీస్తూ.

"పొద్దున అడిగాను కదోయ్. ఊఁ అన్నావు."

"నోట్లో క్లిప్పులున్నాయి."

"తీసి చెప్పొచ్చుగా," అని నవ్వి, అతను టీవీ ముందుకి వెళ్ళాడు.

చెడ్డవాడైతే పని సులువయ్యేది. కేకలెయ్యడు, చెయ్యెత్తడు, ఆమె జీతం ఏం చేసిందో అడగడు. ఏదీ అడగడు, అదే గొడవ. అడగక్కర్లేదని అతనికి అంత గట్టి నమ్మకం. ఆమె ఎప్పుడైనా ముఖం ముడుచుకుంటే, "ఇంట్లో అందరికీ బాగానే ఉంది, నీకొక్కదానికే ఏదో లోటు," అంటాడు. చాలా మెత్తగా అంటాడు. అంత మెత్తగా అనేసరికి ఆమె కూడా నిజమే కాబోలు, లోటు నాలోనే ఉంది కాబోలు అనుకునేది. అనుకుని, ఆ లోటేదో వెతుక్కుంటూ అంట్లు తోముకునేది.

సూదమ్మ అన్నది ల్యాబులో పెట్టిన పేరు. ఊరి చివర కిటికీల్లేని పొడవాటి షెడ్డు ఉంటుంది, అదే ఆమె పనిచేసే విండ్ టన్నెల్, గాలిని పరుగెత్తించి పరీక్షలు చేసే చోటు. అక్కడి గాలి మన కిటికీలోంచి వచ్చే గాలి కాదు. షెడ్డు వెనక మూడంతస్తుల ఎత్తున ట్యాంకులున్నాయి. పొద్దున్నుంచీ కంప్రెసర్లు రొదపెట్టి వాటిలోకి గాలిని కుక్కి కుక్కి నింపుతాయి. మధ్యాహ్నానికి ట్యాంకులు నిండాక వాల్వు తెరిస్తే, ఆ గాలంతా ఒక ఇరుకు ఇనుప గొంతులోంచి దూరి, శబ్దానికి రెండింతల వేగంతో చిన్న అద్దాల గదిలోకి దూకి, అర నిమిషంలో అయిపోతుంది. పూటంతా వంట, పది నిమిషాల్లో భోజనం. ఈ లెక్క చూసి కొత్తగా చేరిన ఇంజనీర్లు నోరెళ్ళబెడతారు గానీ సూదమ్మకి మొదటిరోజే సులువుగా అర్థమైంది.

ఆ గాలిలో నిలబెట్టి ఒత్తిడి కొలిచే సూదులు ఆమె పని. అల్లికల సూది అంత ఉంటాయి. ఆవగింజంత ముక్కు మీద అయిదు చిల్లులు: నడిమిన ఒకటి, పైనా కిందా, అటూ ఇటూ నాలుగు. ఒక్కో చిల్లు వెనక వెంట్రుకంత గొట్టం, గొట్టం కొసన ఒత్తిడి చెప్పే గేజు. గాలి ఏ వైపు నుంచి తోస్తే ఆ వైపు చిల్లు ఎక్కువ చెబుతుంది. కానీ ఒక సూది చెప్పినట్టు ఇంకో సూది చెప్పదు, ఒక్కోదానిదీ ఒక్కో యాస. అందుకని ముందు బాగా తెలిసిన గాలిలో పెట్టి, ఇంత వంచితే ఏమంటోంది, అంత వంచితే ఏమంటోంది అని దాని మాట నేర్చుకోవాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. అది అయ్యాక ఆ సూదిని ఏ తెలియని గాలిలో పెట్టినా గాలి ఎటునుంచి, ఎంత జోరుగా వస్తోందో చెబుతుంది. విమానం ఇంజన్లు తయారుచేసేవాళ్ళు ఆ మాట నమ్ముకునే ముందుకు పోతారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఆమె మొదటిసారి ఆ గాలిని కళ్ళతో చూసింది. అద్దాల గదికి అటునుంచి దీపం వెలుగు పంపి, ఇటు తెర మీద పట్టే ఏర్పాటు ఒకటుంది. గాలి వదిలారు. షెడ్డు వణికింది. తెర మీద సూది నీడ, దాని ముక్కుకి ముందు ఒక గీత. సన్నగా, విల్లులా వంగిన నల్లటి గీత. అక్కడ ఏ వస్తువూ లేదు. ఉన్నది గాలే. శబ్దం కన్నా ముందు పరుగెత్తే గాలి, సూది ముక్కు ఎదురయ్యేదాకా అక్కడ సూది ఉందన్న కబురు కూడా అందని గాలి, ఉలిక్కిపడి ఒక్కచోట ముద్దకట్టి అలా గీతైంది. అంత పరుగులో ఆ గీత మాత్రం కదలకుండా నిలబడింది. గాలి కంటికి కనబడదని పుట్టినప్పట్నుంచీ నమ్మిన మనిషి, ఊపిరి తీసుకోవడం మర్చిపోయి చూసింది. గాలి ఆగిపోయాక కళ్ళు తడిగా ఉన్నాయని తెలిసింది. ఇంత పెద్ద సంగతి ప్రపంచంలో ఉందా, ఉంటే అందరూ ఏమీ తెలియనట్టు కూరలు తరుక్కుంటూ ఎలా కూర్చున్నారు అనిపించింది.

ఆ సాయంత్రం బస్సు దిగి దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికెళ్ళింది, చెప్పడానికి. భర్త అంతా విని, "మరి దానికి కరెంటు బిల్లు ఎంతొస్తుందో?" అన్నాడు. అత్తగారు, "స్టవ్ మీద పాలు పెట్టాను, చూడు," అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైంది. తర్వాత ఇంట్లో ఆ ఊసెత్తలేదు. చుట్టాలొచ్చినప్పుడు భర్తే ఎత్తేవాడు. "మా ఆవిడది గాలి ఉద్యోగం," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. ల్యాబులో మాత్రం ఏం తక్కువ? మీటింగు మధ్యలో టీ వస్తే, ఫ్లాస్కు ఎవరెత్తాలో ఎవరూ చెప్పరు, అందరి కళ్ళూ ఆమె వైపు తిరుగుతాయి. చేరి ఇన్నేళ్ళైంది, ఆ గీత ఎన్ని వందలసార్లు చూసిందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ముంజేతి మీద రోమాలు లేస్తాయి. ఈ ఊఁ ఇలాగే నడిచి నెలాఖరు దాటితే ఆ గీత ఇక కనబడదు. బాల్కనీలో తడి బట్టలు కనబడతాయి, ఇక్కడైనా కొత్త ఊళ్ళోనైనా.

మర్నాడు ల్యాబులో కొత్త సూదులు మూడు టేబుల్ మీద ఉన్నాయి. ఒక ఇంజన్ కంపెనీ వాళ్ళ పరీక్షకి వాటిని సిద్ధం చెయ్యాలి. మూడింటినీ గాలిలో పెట్టి చూడటం కిందటి వారమే అయింది. తిన్నగా నిలబెట్టినా మూడూ ఒకటే మాట చెబుతున్నాయి: గాలి కొంచెం కిందినుంచి పైకి వస్తోంది. కొంచెమంటే కొంచెమే, డిగ్రీలో మూడో వంతు. ఇలాంటప్పుడు ఇక్కడి ఆనవాయితీ ఒకటుంది. సూది ఆ మేరకు వంకర అని రాసి, అంత తీసేసి, పంపేస్తారు. ఈ టన్నెల్లో గాలి తిన్నగా వస్తుందని కట్టిన కొత్తలో ఎవరో పెద్దాయన కొలిచాడు. ఆయన రిటైరయ్యాడు, ఇనుప గొంతుకి ఆకారమిచ్చే దిమ్మల్ని రెండుసార్లు విప్పి బిగించారు, షెడ్డుకి రంగులు మారాయి. గాలి మాత్రం ఇప్పటికీ తిన్నగానే వస్తోందని అందరి నమ్మకం. చేరినప్పట్నుంచీ ఆమె చేతికొచ్చిన సూదులన్నీ వంకరవే.

ఒక సూది వంకరగా పుట్టొచ్చు. మూడూ ఒకే వైపుకి, ఒకే అంత పుడతాయా? ఈ అనుమానం ఆమెకి కొత్తది కాదు. తీర్చుకునే దారి కూడా తెలుసు. సూదిని తిరగేసి, పై చిల్లు కిందికి వచ్చేలా బిగించి, మళ్ళీ గాలి వదలాలి. వంకర సూదిదైతే, సూదితోపాటు వంకర కూడా తిరగబడి, గాలి పైనుంచి కిందికి వస్తున్నట్టు కనబడాలి. గాలిదే అయితే, సూదిని ఎలా తిప్పినా ఆ వాలు అటే ఉంటుంది. చిన్నపిల్లలకి కూడా తట్టే ఉపాయం. కానీ దానికి ఇంకో ట్యాంకు గాలి కావాలి, ఇంకో పూట కావాలి. పూట కావాలని అడగడం ఆమెకి ఇంటా బయటా అలవాటు లేని పని.

ఆ రోజు అడిగింది. ల్యాబు చీఫ్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. మంచి మనిషే, కాకపోతే ఎప్పుడూ తొందర.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. సూది వంకరైతే గాలిని అనుమానిస్తావా?" అన్నాడు నవ్వుతూ. "ఎలాగూ వెళ్ళిపోతున్నావుగా సూదమ్మా, పోయేముందు ఈ తలనొప్పి ఎందుకు పెట్టుకుంటావ్?"

ఆమె ల్యాబులో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"ఎవరు చెప్పారు సార్?"

"మీవారే. పొద్దున ఫోన్ చేశారు. నోటీసు ఎన్నాళ్ళ ముందు ఇవ్వాలని అడిగారు. ఏం, నీకు తెలీదా?"

ఆమె ముఖం వేడెక్కింది. చెవులు కూడా. ఇన్నేళ్ళూ ఈ గదిలో తన పని గురించి తను తప్ప ఇంకెవరూ మాట్లాడలేదు. ఈ గది తలుపు కూడా తనకి చెప్పకుండా తెరుచుకుని భర్త లోపలికి వచ్చేశాడు. సరే, పోయేదాన్నే అయితే మొహమాటం ఎందుకు అనిపించింది.

"నాకు ఒక ట్యాంకు కావాలి సార్," అంది. గొంతు కొంచెం పైకే లేచింది. "తిరగేసి చూస్తాను. నాదే తప్పైతే వంకరని నేనే రాసిస్తాను."

చీఫ్ చెయ్యి ఊపాడు, కానియ్యి, నీ ఇష్టం అన్నట్టు.

ట్యాంకులు నింపే ఆయన్ని అందరూ గాలి బాబాయ్ అంటారు. మధ్యాహ్నానికి మళ్ళీ నింపాలనేసరికి ఆయన కంప్రెసర్ కేసి, ఆమె కేసి మార్చి మార్చి చూశాడు. "దానికి కూడా నడుం నొప్పి ఉంటుందమ్మా," అన్నాడు. అంటూనే స్విచ్చు వేశాడు.

రొద మొదలైంది. ఆమె సూదిని విప్పి, తిరగేసి, బిగించింది. పై గొట్టం, కింది గొట్టం తారుమారు చేసి కలిపితే మొత్తం తలకిందులవుతుంది, ఈ పనిలో అందరూ చేసే పొరపాటు అదే. అందుకని మెత్తటి రబ్బరు ముక్కతో ఒక్కో చిల్లునే నొక్కి, ఏ గేజు ముల్లు కదులుతుందో చూసుకుంది. ఇది పైది. ఇప్పుడు కింద ఉంది. ఇది కిందిది. ఇప్పుడు పైన ఉంది. మళ్ళీ చూసుకుంది. ఇంట్లో గాజు గ్లాసు పట్టుకుంటే జారిపోయే చేతులు ఇక్కడికొస్తే ఎంత స్థిమితంగా ఉంటాయో అని ఆమెకే ఎప్పుడూ ఆశ్చర్యం.

ఎర్రదీపం వెలిగింది. గంట మోగింది. చెవులకి మూతలు పెట్టుకుంది. వాల్వు తెరుచుకున్న క్షణంలో నేల అరికాళ్ళలోంచి ఎక్కి పళ్ళ దాకా వచ్చినట్టుంటుంది. తెర మీద చీకటి చెదిరి, గీత నిలబడింది. అదే విల్లు, అదే నిశ్చలత. సూది మెల్లగా తల వంచింది, ఎత్తింది, తిన్నగా ఆగింది. అంకెలు పరుగెత్తాయి. అర నిమిషం. వాల్వు మూసుకుంది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఆమెకి గాలి కన్నా ఇష్టం. ఇనుప గొంతు మీద మంచు పొరలా పట్టి, సన్నగా పొగలు కక్కుతోంది.

అంకెలు చూసింది. గాలి కిందినుంచి పైకి, డిగ్రీలో మూడో వంతు.

వాలు తిరగబడలేదు. సూది తలకిందులైంది, వాలు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమె లేచి అద్దాల గది దగ్గరికి వెళ్ళి లోపలికి చూసింది. సూది ఏమీ ఎరగనట్టు ఉంది. సన్నగా, తిన్నగా. తిన్నగా! వచ్చిన సూదులన్నీ తిన్ననివే. ఇన్నేళ్ళూ ఈ టన్నెల్లో గాలే ఒక పక్కకి ఒరిగి వస్తోంది. వస్తున్న గాలి తిన్నగా ఉందనుకుని, దానికి ఎదురు నిలబడ్డ ప్రతి సూదికీ వంకరని పేరు పెట్టి పంపారు. అంత పెద్ద గాలి, మూడంతస్తుల ట్యాంకుల గాలి, గోడల మధ్య అంత ఠీవిగా వచ్చే గాలి, కొద్దిగా ఒరిగి నడుస్తుందని అక్కడ నిలబడ్డ సూదికి తప్ప ఎవరికీ తెలీదు. సూది రోజూ చెబుతూనే ఉంది. ఆమె అద్దానికి చెయ్యి ఆనించింది. అద్దం చల్లగా ఉంది. మొదటిసారి గీత చూసినప్పటిలాగే ఊపిరి అందలేదు. భయమో ఆనందమో తెలియనంత పెద్దగా ఉంది ఆ సంగతి.

చీఫ్ వచ్చి అంకెలు చూశాడు. "గొట్టాలు మార్చి పెట్టి ఉంటావు," అన్నాడు. చూసుకున్నానంది. తనే లోపలికి దూరి, రబ్బరు ముక్కతో అయిదు చిల్లులూ నొక్కి చూశాడు. బయటికొచ్చి, "ఇంకో సూది పెట్టు," అన్నాడు. గాలి బాబాయ్ ఈసారి గొణగలేదు. ట్యాంకులు నిండేదాకా చీఫ్ కుర్చీలో కూర్చోకుండా షెడ్డంతా తిరిగాడు. రెండో సూదిని తిరగేశారు. గాలి వదిలారు. అదే వాలు.

చీఫ్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, ఇనుప గొంతు వైపు చూశాడు. తర్వాత పకాలున నవ్వాడు, మ్యాజిక్ షోలో కుందేలు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టిన పిల్లాడిలా. "ఒక్క సూదైతే కాదనేవాణ్ణి. రెండు సూదులు కూడబలుక్కుని అబద్ధమాడవు కదా," అన్నాడు. "గాలి మొత్తం కొలవాలి సూదమ్మా. గోడనుంచి గోడ దాకా, అంగుళం అంగుళం. పాత లెక్కలన్నీ మళ్ళీ చూడాలి. ఏడాది పని. నువ్వైతే చేసేదానివి." అని ఆగి, "వెళ్ళిపోతున్నావు కదా, సర్లే, చూద్దాం," అన్నాడు.

ఆమె సూదిని విప్పి పెట్టెలో పెట్టింది. ఉంటానో పోతానో ఆమెకే ఇంకా తేలలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మనిషి అలవాటు ఎక్కడికి పోతుంది? కూర్చున్నదో లేదో, ఒక్కొక్కటే తిరగేసి చూడటం మొదలుపెట్టింది. మీటింగులో ఫ్లాస్కు వైపు చీఫ్ లేస్తే ఎలా ఉంటుంది? నవ్వొచ్చింది. మా ఆయనది గాలి ఉద్యోగం అని తను చుట్టాల్లో అంటే? ఎవరూ నవ్వరు. తను అతని ఆఫీసుకి ఫోన్ చేసి, మావారు మానేస్తున్నారు, నోటీసు ఎన్నాళ్ళివ్వాలి అని అడిగితే? దీనికి నవ్వు రాలేదు, చెమట పట్టింది. లోటు తనలోనే ఉంటే, తిరగేసినప్పుడు ఆ లోటు అటు పక్కకి వెళ్ళాలి. వెళ్ళడం లేదు, ఎటు తిప్పినా వంగాల్సింది తనే. కానీ ఇదంతా తన తలలో జరిగిన పరీక్ష. ఒక్క సూది మాట. తనే అమ్మగారింట్లో గారాబంగా పెరిగి ఇలా తయారైందేమో ఎవరు చూడొచ్చారు? అలా అనుకుని అనుకునే ఇంతకాలం గడిచింది. ఇల్లు దగ్గరపడింది. అడిగి తీరాలి, అంతే. ట్యాంకు నిండాక వాల్వు తెరవకుండా ఎన్నాళ్ళుంచుతారు?

భోజనాల దగ్గర భర్త కొత్త ఊరి ఫ్లాట్ గురించి చెబుతున్నాడు. మూడు గదులట, లిఫ్టుందట, వంటింటి బాల్కనీ పెద్దదట, బట్టలు హాయిగా ఆరేసుకోవచ్చట. అత్తగారు కూర కలుపుకుంటూ వింటున్నారు. సూదమ్మ వడ్డించడం ఆపి, తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక మాట అడుగుతాను, వేళాకోళానికి కాదు. ఈ ప్రమోషన్ నాకు వచ్చి ఉంటే, మీరు ఈ నెలాఖరుకి మీ ఉద్యోగం మానేసి నాతో వచ్చేవాళ్ళా?"

అతను నవ్వాడు. "అదేం ప్రశ్నోయ్? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"విననివ్వండి. వచ్చేవాళ్ళా?"

"మగవాడు ఉద్యోగం మానేసి పెళ్ళాం వెనకాల..." అతను చుట్టూ చూశాడు, ఈ గదిలో ఇంకెవరికైనా ఇది వింతగా ఉందా అని. "నీకు ఇవాళ ఆఫీసులో ఎవరో ఏదో నూరిపోశారు."

అత్తగారు అందుకున్నారు. కోడలి మీద కోపంగానే అందుకున్నారు. "ఏమిటే ఈ కొత్త పోకడలు? మేం వెళ్ళలేదా? మీ మామగారితో ఏడూళ్ళు తిరిగాను. ఒక్కసారంటే ఒక్కసారి వస్తావా అని నన్నెవరడిగారు?"

తగవులో అందరూ విసిరే మాటే ఆవిడా విసిరారు. కానీ విసిరాక ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. తన నోటినుంచి వచ్చిన మాటని తనే వింటున్నట్టు కూర్చుండిపోయారు.

"మూడో ఊళ్ళో," అన్నారు కాసేపటికి, ఎవరి వైపూ చూడకుండా, "నేను ఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. ఏడాది కూడా నిండలేదు."

"నువ్వా?" అన్నాడు కొడుకు.

"నువ్వింకా పుట్టలేదు. చెవికి ఇంత గొట్టం తగిలించుకుని, ఇక్కడి తీగ పీకి అక్కడి చిల్లులో పెడితే, ఎక్కడో సముద్రం పక్కనున్న మనిషి కొండ మీదున్న వాళ్ళమ్మతో మాట్లాడేవాడు. నా చేతిలోంచి. మొదటిరోజు నాకు నోట మాట రాలేదు. ఇంతమంది గొంతులు గాల్లో తిరుగుతుంటాయా, ఇన్నాళ్ళూ నాకు తెలీకుండా, అని." ఆవిడ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "ఇంటికొచ్చి మీ నాన్నకి చెబితే, 'ఊరి గొడవలన్నీ చాటుగా వింటున్నావన్నమాట,' అన్నారు. తర్వాత ట్రాన్స్‌ఫరైంది. సామాను కట్టమన్నారు. కట్టాను."

సూదమ్మ ఆవిణ్ణి చూస్తోంది. ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో, ఒకే స్టవ్ ముందు, భుజం భుజం రాసుకుంటూ తిరిగిన మనిషి. మందుబిళ్ళలు చేతికిచ్చిన మనిషి, పాలు పొంగితే కసిరిన మనిషి. ఆ మనిషిలో ఇంత పెద్ద ఆశ్చర్యం దాక్కుని ఉందని ఒక్కనాడూ తెలీలేదు. తను రాకముందే, తను పుట్టకముందే, ఈ ఇంట్లో గాలి ఇలాగే ఒరిగి వచ్చింది. ఎదురు నిలబడ్డవాళ్ళు ఒకరికొకరు తెలీకుండా, ఎవరికి వాళ్ళు, లోటు నాలోనే ఉందనుకుంటూ బతికారు. ఇది రెండో సూది. ఆమెకి గెలిచినట్టు అనిపించలేదు. మధ్యాహ్నం అద్దానికి చెయ్యి ఆనించినప్పుడు ఎలా ఉందో అలా ఉంది, అంతే చల్లగా, అంతే పెద్దగా.

"నేను రానండీ," అంది. ఎంత మామూలుగా అందంటే ఉప్పు అందించమన్నట్టుంది. "మీరు వెళ్ళండి. మీ ప్రమోషన్ మీది, మంచిదే. సెలవులకి మీరు రండి, నేనూ వస్తాను. ఉద్యోగం మాత్రం మానను. ల్యాబులో ఏడాది పని మొదలవుతోంది. అది నేను చెయ్యాలి. చీఫ్‌కి రేపు నేనే చెబుతాను, మీరు ఫోన్ చెయ్యకండి."

అతను మొదట నవ్వబోయి, నవ్వు రాక, ముద్ద కంచంలో వదిలేశాడు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? అక్కడ నా తిండీ తిప్పలూ ఎవరు చూస్తారు? ఇల్లెవరు సర్దుతారు? ఈ వయసులో అమ్మని ఎవరు చూసుకుంటారు, అది ఆలోచించావా?" ఆమె కదలకపోయేసరికి తల్లి వైపు తిరిగాడు. "చూస్తున్నావుగా అమ్మా. నువ్వైనా చెప్పు."

అత్తగారు కంచం పక్కకి జరిపి, కొడుకు ముఖంలోకి చూశారు.

"ఏడుసార్లు నేను కట్టాన్రా మూటలు," అన్నారు. "ఎనిమిదోది నువ్వు కట్టుకో. నేనూ ఇక్కడే ఉంటాను."